రెండో మనిషి

మూడు మీటర్లు దాటిన పాము తలుపు
ఒక్కరే తెరవకూడదట.
డెట్లెఫ్ ఈ మాట చెత్తబుట్ట దింపుతూ
మెట్ల మీద చెప్పాడు,
ఉప్పు అప్పడిగినంత మామూలుగా.
"ఆదివారం పది నిమిషాలు రాగలవా, నుర్హాన్?
ఏమీ చెయ్యక్కర్లేదు. ఉండాలి, అంతే."

ముప్ఫై ఒక్కేళ్ళు డ్యూస్‌బుర్గ్‌లో ట్రామ్ నడిపాను.
కదిలే ముందు అద్దంలో చూసుకోవడం,
ఎవరి స్కార్ఫు ఇరుక్కుందో, ఎవరి చెయ్యి మిగిలిపోయిందో.
తలుపుల సంగతి నాకొకరు నేర్పక్కర్లేదు.
వెళ్ళాను.

పడగ్గది పాముకిచ్చేసి
తను హాల్లో సోఫా మీద ముడుచుకుంటాడు.
గోడ నుంచి గోడ దాకా గూడు,
జరిపే అద్దాలు, రెండు తాళాలు,
వెల్డరు చేతిపని, ఎక్కడా వేలు గీరుకోదు.
ఒక మూల ముప్ఫై రెండు డిగ్రీల ఎండాకాలం,
ఇంకో మూల ఇరవై ఆరు, నీడ.
నడుమ పసిపిల్లలు ముగ్గురు పట్టే నీళ్ళతొట్టి.
నా వంటగదిలో పద్దెనిమిది దాటదు.
"కరెంటు బిల్లు చూస్తావా అసలు?" అన్నాను.
"చీకట్లో చూస్తాను," అన్నాడు.

హెల్గా.
వల పరిచినట్టు ఒళ్ళంతా గళ్ళున్న కొండచిలువ.
ఐదు మీటర్లకి జానెడు తక్కువ,
నలభై ఏడు కిలోలు.

నాకొక ముక్కాలి పీట, ఒళ్ళో సారా సీసా.
తాగడానికి కాదు,
పట్టు వదలకపోతే దాని నోట్లో పొయ్యడానికి.
మొదటి ఏడాదంతా పాముని చూడనే లేదు,
డెట్లెఫ్ మోచేతిని చూశాను.

ముందు కొక్కెంతో మెల్లగా తడతాడు.
తడితే, తిండి కాదు, గూడు తుడుస్తాం.
తట్టకపోతే, తిండి.
ఇంత చిన్న వ్యాకరణం మీద
ఒక మనిషి చెయ్యి ఆధారపడి ఉంది.
నా కాపురానికి అదీ లేదు.

పాముకి పగ అంటారు, నాక్కనిపించలేదు.
ప్రేమా కనిపించలేదు.
"దాని లెక్కలో నువ్వెవరివి?" అనడిగితే
"వెచ్చటి చెట్టుని," అన్నాడు, నొచ్చుకోకుండా.
కళ్ళు పాలు తిరిగిన వారంలో మాత్రం
మాటలు తగ్గించి, తడి తువ్వాళ్ళు మారుస్తూ
బాలింతరాలి గదిలో తిరిగినట్టు తిరిగేవాడు.
కుబుసం ఊడాక భూతద్దం పెట్టి
కంటి మీది పొర వచ్చిందో లేదో వెతికేవాడు.

ఫిబ్రవరిలో ట్రామ్ స్టాప్ దగ్గర మంచు మీద జారాడు.
తుంటి ఎముక. ఆరు వారాలు.
ఆస్పత్రి మంచం మీంచి తన గురించి ఒక్క ముక్క లేదు,
"తేమ అరవై ఐదుకి తగ్గనివ్వకు."

అలా నేను మొదటి మనిషినయ్యాను.
మొదటి మనిషికి రెండో మనిషి కావాలి.
కింద తలుపు నవ్వి మూసుకుంది.
ఎదుటి తలుపు గొలుసు సందులోంచి జాలిపడింది.
మిగిలింది మూడో అంతస్తు వీచోరెక్.
పాము కంపు కొడుతోందని
ఇళ్ళ కంపెనీకి మూడు ఉత్తరాలు రాసినవాడు.
పాముకి కంపు లేదు. ఆయన మెట్ల మీదే చుట్ట కాలుస్తాడు.

వచ్చాడు. తల దువ్వుకుని, ఆదివారం కోటు వేసుకుని.
"నేనేం చెయ్యాలి?"
"ఉండాలి, అంతే."

గోరువెచ్చటి నీళ్ళలో కరిగిన కుందేలుని
పొడిగా తుడిచి పొడుగాటి పటకారుతో అందించాను.
తడి దుప్పటి దులిపినట్టు ఒక్క చప్పుడు.
మూడు చుట్లు.
ఆ తర్వాత ఆ గదిలో
ఊపిరి వినిపించింది ఒక్క వీచోరెక్‌దే.

అద్దం జరిపాను. ఒక తాళం, రెండో తాళం.
అలవాటు కొద్దీ తల పక్కకి తిప్పి చూశాను.
సీసాని చంటిబిడ్డలా గుండెకి హత్తుకుని
ఆయన అక్కడే ఉన్నాడు.

మెట్లు దిగబోతూ ఆగాడు.
"నా ఉత్తరాల సంగతి అతనికి తెలుసా?"
"కంపెనీ కాపీలు పంపిందిగా.
గూట్లో అడుగున పరిచాడు."
కాసేపు రెయిలింగు నిమిరాడు.
"ఏ మూల?"
"వెచ్చటి మూల," అన్నాను.

అబద్ధం.