మిగులు

అరవై నిమిషాల కేసెట్టు.
అమ్మ రాసిచ్చిన చీటీలో పన్నెండు పాటలు.
గ్రీమ్స్‌పేటలో జ్ఞానప్రకాశం అన్న
వేలి గణుపుల మీద లెక్కేసి
"ఇంకా నాలుగు నిమిషాలు మిగలతాదమ్మా" అనేవాడు.
"ఊరికే ఏదో ఒకటి వేసెయ్ నాయనా."

ఆ ఏదో ఒకటి
నిన్న రాత్రి దొరికింది నాకు.

కాయల సీజను. ఫ్యాక్టరీ గేటు కాడ
రెండు దినాలుగా కదలని లారీలు,
తోతాపురి పులిసిన వాసన మంచం దాకా.
నిద్ర పట్టక టేప్‌రికార్డరు దించినాను.
బెల్టు సాగిపోయుంటే జడ రబ్బరు తగిలించినాను,
పెన్సిలు దూర్చి తిప్పి తిప్పి
మడతలు సాపు చేసినాను.

అమ్మ పాటలు అయిపోయినాయి.
అవి ఊరందరికీ తెలుసు, ఫోన్లో నొక్కితే వస్తాయి.
తర్వాత బుసబుసమని గాలి.
చిన్నప్పుడు అక్కడే ఆపేసేవాళ్ళం.
ఈసారి లేవడానికి బద్ధకం.

గిటారు.
రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడినట్టు.
డ్రమ్ములాయనకి ఏం తొందరో,
పాడేవాడు వెనకబడి, రోషమొచ్చి, అరుస్తాడు.
ఇంగ్లీషే, సగం మింగేసినాడు.
నా చెవికి మాత్రం
"ఏరు దాటి రా, ఏరు దాటి రా"
అది కాదని తెలుసు.
నీవా నదిలో దాటేటన్ని నీళ్ళు
ఎన్నేండ్లుగా లేవో కూడా తెలుసు.

అట్ట మీద అన్న గుండ్రటి రాత:
పన్నెండింటికీ పేర్లు, సినిమాలు.
పదమూడో దానికి
'మిగులు'.

పొద్దున్నే ఎదురింటి కస్తూరక్క భజన కేసెట్టు అడిగి తెచ్చినాను.
చివర్లో ఒక ఆడగొంతు, వెనక ఆర్గను,
ఏడుస్తా ఉండాదో నవ్వతా ఉండాదో.
గురవయ్య సారు హరికథ తోకకి
పాటంతా ఈలే.
"రికార్డింగులో తప్పనుకున్యాం గదమ్మా,
ముప్పై ఏండ్లుగా" అన్నాడు సారు.

అన్న ఇప్పుడు మిట్టూరులో, కూతురింట్లో.
వేలూరులో డాక్టరు చదువుకొచ్చిన పిల్లోళ్ళు
హాస్టలు ఖాళీ చేస్తా పారేసిపోయిన టేపులంట,
గోతాంలో వేసుకొని బస్సెక్కేవాడంట.
వాళ్ళ దేశంలోనే ఎవరూ కొనని పాటలంట.
షాపులో వేస్తే "ఆపబ్బా ఆ గోల" అనేవాళ్ళంట.
"ఇష్టంతో వేసినావా అన్నా?"
"ఇష్టమేంది, నిడివి చూసి వేసేది.
నాలుగు నిమిషాలకి సరిగ్గా సరిపోయేది అదే."

మీట నొక్కినాను.
వడగళ్ళు. తొందర. అరుపు.
ఏరు సగం దాటినాడో లేదో
టక్కుమని బటను లేచింది.

సరిపోలేదు.
అన్న నా మొకం చూడలేదు.
ఆయన వేళ్ళు కుర్చీ చెయ్యి మీద
డ్రమ్ములాయన కంటే తొందరగా పోతా ఉన్నాయి.
నేను కేసెట్టు తియ్యబోతే
కళ్ళు మూసుకొనే అన్నాడు:
"ఉండు.
ఇంకా ఒక చరణం ఉండాది."