ఎంగిలి గాలి

కొవెంట్రీలో ఆ చలికాలం
నా పనల్లా రెండు థర్మామీటర్లు చదవడం.
పైన దూరే నీళ్ల వేడెంత,
కింద బయటపడే నీళ్ల వేడెంత.
పద్నాలుగేళ్లు నాకు. వారానికి ఆరు షిల్లింగులు.

సన్‌రైజింగ్ కొండ సగం ఎక్కేసరికి
మా కార్లు మూత ఎగరేసుకుని ఆవిరి కక్కేవి.
డ్రైవర్లు సీటు కింద బకెట్ పెట్టుకునేవాళ్లు.
గుర్రాల తొట్టి దగ్గర ఆపి
కారుకి నీళ్లు పట్టిస్తుంటే
బళ్లవాళ్లు చూసి నవ్వేవాళ్లు.

ట్రాంటర్ గారికి ఆ నవ్వు గిట్టదు.
"గొట్టాలు చాలడం లేదు" అన్నారు.
మూడు వరసలు ఆరయ్యాయి.
ఆరు తొమ్మిదయ్యాయి.
లెట్టీ హారబిన్ ఒక్కో అతుకూ
ఊపిరి బిగబట్టి, తగరం కరిగించి వేసింది.
ఆమె ముంజేతుల మీద కాలిన మచ్చలు
ఏ గడిలో రాయాలో నాకెవరూ చెప్పలేదు.

తొమ్మిది వరసల్నీ ఫ్యాన్ ముందు నిలబెట్టాం.
నీళ్లు మరిగాయి,
ఎప్పటిలాగే.
బరువు మాత్రం నలభై పౌన్లు పెరిగింది.
ట్రాంటర్ గారు పెన్సిల్ కొరుకుతూ
లాంతరు ఆర్పడం మర్చిపోయి ఇంటికెళ్లారు.

మర్నాడు నాకు మూడో థర్మామీటర్ ఇచ్చారు,
పుల్లలా సన్నటిది.
"నీళ్లని కాదు, గాలిని చదువు."
వరసల సందుల్లో దూర్చి చదివాను.
బయట నలభై.
మూడు వరసలు దాటాక నూట ఇరవై.
ఆరు దాటాక నూట డెబ్బై.
ఆ తర్వాత పాదరసం బద్ధకించింది.

లెట్టీ చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది.
"ఇందులో వింతేముంది?
ఎనిమిది మందిలో ఏడోదాన్ని నేను.
శనివారం రాత్రి అందరికీ ఒకటే స్నానాల తొట్టి.
నా వంతు వచ్చేసరికి
ఆ నీళ్లు ఎవరి మురికినీ వదిలించేవి కావు."

ట్రాంటర్ గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.
ముందు వరసలు తిని వదిలిన ఎంగిలి గాలి
వెనకవాటి ఆకలి ఏం తీరుస్తుంది?

రంపం తెమ్మన్నారు.
అయిదు వరసలు కోసేశారు.
మూడు వారాల లెట్టీ అతుకులు
తుక్కు డబ్బాలో గలగల పడ్డాయి.
ఆమె అటు చూడలేదు.
మిగిలిన నాలుగింటినీ నొక్కి, బల్లపరిచి,
వెడల్పుగా పరిచారు,
ప్రతి గొట్టానికీ
తాజా గాలి మొదటి ముద్దగా అందేలా.

మార్చిలో, సన్నటి వానలో, కొండెక్కాం.
మూత కదల్లేదు.
పైన ట్రాంటర్ గారు ఇత్తడి మీద అరచెయ్యి ఆన్చి
చాలాసేపు తియ్యలేదు.
కారుకి రెండే సీట్లు. లెట్టీ రాలేదు.
తర్వాత అచ్చయిన వ్యాసంలో నా అంకెలున్నాయి.
తొట్టి మాట లేదు.

బకెట్ మాత్రం తిరిగొచ్చింది,
గతుకులకి సగం ఒలికి.
ఆమె బల్ల దగ్గర పెట్టాను.
లెట్టీ కాలిన చేతులు రెండూ
మోచేతుల దాకా ముంచింది,
ఇంకా ఎవరూ ముట్టని నీళ్లలో.