రాత్రి రెండింటి వెలుగు

జాలిపడి వెళ్ళలేదు.
ఆ వేసవి ఫెర్రీలో గిన్నెలు కడిగే పని ఊడింది.
క్యాంపులో తిండీ మంచమూ ఇస్తామన్నారు,
సంతకం పెట్టాను.

సైమా సరస్సు ఒడ్డున ఎర్ర రంగేసిన చెక్క గదులు,
ఇరవై ముగ్గురు పిల్లలు,
ఒక్కొక్కరి నడుముకీ ఒక చిన్న సంచి:
సూదులు, ఇన్సులిన్, గ్లూకోజు బిళ్ళలు.
వెర్నెరి సంచిలో మాత్రం వీటితోపాటు
బతికున్న కప్ప.

మొదటి రోజే పంచాయితీ పెట్టారు:
"నీ వేలు కూడా ఇవ్వు."
తొమ్మిదేళ్ళ పిహ్లా నా చెయ్యి లాక్కుని
"పక్కన గుచ్చాలి, మధ్యలో అయితే నొప్పి" అని
పెద్ద డాక్టరమ్మలా చెప్పి గుచ్చింది.
ఐదు పాయింట్ రెండు.
"ఛ, చప్పటి అంకె" అని పెదవి విరిచింది.
ఆ పూటంతా వాళ్ళలో
లోటున్న మనిషిని నేనే.

నాకు రాత్రి డ్యూటీ పడింది.
రాత్రి అనడమే గానీ
జూన్‌లో మా పొద్దు ఇంటికి పోదు,
చెట్ల వెనక కాస్త నడుం వాల్చి లేచొస్తుంది.
రెండింటికి టార్చి అక్కర్లేదు.
దోమలకు సెలవు లేదు.

చేతికి అతికించే సెన్సర్లు అప్పటికింకా రాలేదు.
మంచం మంచానికీ మోకాళ్ళ మీద కూర్చుని
ఒక వేలు, ఒక చుక్క, ఒక అంకె,
నోటుబుక్కులో రాత.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఇది:
మీటరు డబ్బా మూత టిక్కుమనగానే
దుప్పట్లోంచి ఒక చెయ్యి బయటికొస్తుంది.
కళ్ళు తెరవరు. కల ఆగదు.
వేలొకటి చాచి
అలాగే ఉంచుతారు.
పని అయ్యాక నత్త కొమ్ములా
మళ్ళీ లోపలికి.
మొదటి రాత్రి, చాచిన ఆ వేలి ముందు
సూది పట్టుకుని
చాలాసేపు కూర్చుండిపోయాను.

నాలుగో రాత్రి వెర్నెరి చెయ్యి రాలేదు.
నేనే వెతికి తీశాను. చల్లటి చెమట.
రెండు పాయింట్ నాలుగు.
పగలంతా ఈదాడు,
రాత్రి రొట్టెను చేపలకు వేశాడు,
అది తర్వాత తెలిసింది.
నర్సు సిర్కా పరుగున వచ్చి
"మింగుతున్నాడు, పట్టించు" అంది.
తల మోచేతిలో పెట్టుకుని బ్లూబెర్రీ రసం
గుక్క. ఆగి ఇంకో గుక్క.
ఇక పదిహేను నిమిషాలు ఆగాలి.

అవతలి ఒడ్డున కుకూ పక్షి కూసింది.
అది ఎన్నిసార్లు కూస్తే
అన్నేళ్ళ ఆయుష్షని మా అమ్మమ్మ లెక్క.
ఒకటి, రెండు, మూడు దాకా వచ్చి
గబుక్కున మానేశాను.
ఆ రాత్రికి మీటరు చెప్పే లెక్క చాలు.

మూడు ఎనిమిది. కాసేపటికి ఐదు ఒకటి.
ఆ చప్పటి అంకెకి
సిర్కా నేల మీద చతికిలబడి నవ్వింది.
వెర్నెరి కళ్ళు విప్పి అన్న మొదటి మాట:
"కప్పకి నీళ్ళు మార్చావా?"
మార్చానని అబద్ధమాడి,
వెళ్ళి మార్చాను.

ఆఖరి రోజు వాళ్ళమ్మ వచ్చింది,
కాగితం మిల్లు యూనిఫారంలోనే.
"ఈ వారమైనా కంటినిండా నిద్రపోయారా?"
తల అడ్డంగా ఊపింది.
"రెండింటికి మెలకువ వచ్చేది.
ఖాళీ మంచం పక్కన కూర్చునేదాన్ని.
తర్వాత కాఫీ పెట్టుకుని
వేడిగా ఉండగానే తాగేదాన్ని.
బాగుండేది."

నాలుగో రాత్రి సంగతి చెప్పాను.
థాంక్స్ అనలేదు, భుజం తట్టలేదు.
"ఏ రసం?" అని అడిగింది.
"బ్లూబెర్రీ."
సరేనన్నట్టు తలూపి
కొత్త బంగాళాదుంపల సంచి నా కాళ్ళ దగ్గర పెట్టి
కారు తలుపు వేసింది.

కప్పను వదిలెయ్యమన్నాం.
వదిలేశానన్నాడు.
వెనక సీట్లో వాడి ఒళ్ళో
మూతకు చిల్లులు పొడిచిన డబ్బా.