ముందూ వెనకా

సిరొంచ బస్టాండు ఎదురుంగ నాది జిరాక్సు దుకాణం.
కార్డు ఇస్తే ముందూ వెనకా తీస్త.
ముందు బొమ్మ, వెనక షరతులు.
వెనకది ఎవరూ చదవరు.

పొద్దుగాల పోశం సార్ వచ్చిండు,
పాలసీ నోటీసు అద్దం మీద పెట్టిండు.
"చూడు, నేను రిటైరైననాడు పదకొండు వేలు.
ఇప్పుడు ముప్పై ఒకటి.
మందులు అగ్గువైనయంటరు, ఆపరేషన్లు అగ్గువైనయంటరు,
మరి ఆ అగ్గువ
నా గడప తొక్కేసరికి పిరమెట్లయితది?"

వెనక నిలబడ్డ ఆశా రాజక్క ఊకోలే.
"మీకు పాలసీ ఉండబట్టి ప్రీమియం కనపడ్డది సార్.
మా అత్త గర్భసంచి ఆపరేషను
గడ్చిరోలిల ఒక్క రూపాయి లేకుంట అయింది.
పదేండ్ల కిందనైతే
మా రెండెకరాల పత్తిచేను
షావుకారి బీరువాల పండుకునేది."

"ఆ రూపాయి ఎవరిదనుకున్నవ్?"
"ఎవరిదైతేంది, చేను మాది మాకుంది."

మిషను కింద పచ్చని వెలుగు
ఇటునుంచి అటు పాకింది, మళ్ల ఇటు.
సార్ దిక్కు తలూపిన.
రాజక్క దిక్కు గూడ ఊపిన.
గిరాకి కద, అయినా ఇద్దరిదీ నిజమే అనిపిచ్చింది.

మూలకు సుక్కు మడావి,
చేతిల కార్డు, యూరియా సంచిల ఎక్స్‌రే.
తునికాకు లారీ చక్రం కొడుకు కాలు మీదికెళ్లి పోయిందట.
"గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్లు. రాత్రి. వాన.
ప్రాణహిత దాటితే మంచిర్యాల.
దాటినం."

ఆ వంతెన మీద పత్తికి అడ్డు లేదు,
పిల్లనిచ్చుకునేటందుకు, పుచ్చుకునేటందుకు అడ్డు లేదు.
కార్డు ఒక్కటే
మొదటి స్తంభం కాడ దిగి నిలబడ్డది.

"ఎంతైంది?" సార్ అడిగిండు, లెక్కల సార్ మరి.
"రెండు ఎడ్లు."

కొంచెంసేపు ఫ్యాను చప్పుడే.
ఎడ్లను ఏ గడిల రాస్తరో
సార్‌కు తోచలే, రాజక్కకూ తోచలే.
"దరఖాస్తు పెడదాం, అయితదో కాదో" అని
ఆమె పెన్ను తీసింది. కాగితం లేదు.
సార్ తన నోటీసునే తిరగేసి ఇచ్చిండు.
చిత్తు దాని మీదనే రాసిండ్రు,
కొట్టివేతలతోని, మూడు భాషల మాటలతోని.

సుక్కు ఒక కాపీ కావాలన్నడు.
ముందూ వెనకా తీసిన:
ముందు ముప్పై ఒక్క వేలు, వెనక రెండు ఎడ్లు.

పది రూపాయల నోటు ఇచ్చిండు.
నాలుగు పట్టుకొని ఆరు తిరిగిచ్చిన.
పోయినేడైతే
ఎనిమిది ఇద్దును.