మీజాన్

కర్నూలు కెల్లి పద్నాలుగు ఇనుప పెట్టెలొచ్చినయ్
సైఫాబాదుకు.
తాళం తీస్తే
డేరాల కింద పేరుకున్న మూడేండ్ల దుమ్ము,
ఒక దాంట్ల ఎండిన తేలు.
"దీన్ని ఏ పద్దు కింద రాద్దామండీ?" అని నవ్విండు సోమయాజులు.
నేను నవ్వలే.
అప్పటికింక మాకు దోస్తీ కాలే.

ఆయన ముందల ఆయన ఖాతా, నా ముందల నాది.
నా దాంట్ల కల్లు మీద, సారా మీద వచ్చిన పైసలు
పేజీ నిండ.
ఆయన దాంట్ల ఆ గడి ఖాళీ,
తాగుడు బంద్ పెట్టిన పుణ్యానికి ఒక సున్న.
నా పేజీ అడుగున మిగులు.
ఆయన పేజీ అడుగున లోటు.
"ఎర్రసిరా మా వైపు చవకండీ" అన్నడు.
ఈసారి నవ్వొచ్చింది, ఆపుకున్న.

మేం కూడికను మీజాన్ అంటం.
త్రాసును గూడ మీజానే అంటం.
ఆయన వెరసి అంటడు.
రెండు పేజీలు వెరసి ఏమైతది?
మిగులు కనపడది, లోటు కనపడది.
చెరువుల పోసిన చెంబెడు పాలంటరు కొందరు,
పాలల్ల ఏసిన తోడంటరు కొందరు.
లెక్కలోణ్ని నేను,
పాలకు గడి లేదు, పెరుగుకు గడి లేదు.

కృష్ణ నీళ్లు ఏ గడిల రాయాలె?
ఇంక కట్టని కట్ట కింద
ఇంక పండని వడ్లను
అప్పుడే పుట్లకు పుట్లు కొలుస్తున్నరు
చాయ్ హోటల్ల.

దస్తగీర్ సాబ్ ఇరవై ఏడేండ్లు
కుడి నుంచి ఎడమకు రాసిండు.
ఆయన రాస్తే అంకెలు గూడ అత్తరు పూసుకున్నట్టుండేటియి.
ఇంగ్లీషు టైపు మిషిన్లు దిగిన నాడు
దవాతి తుడిచి జేబుల ఏసుకొని
సలాం చెప్పి పోయిండు.
ఖర్చు: ఒక దస్తూరి.
ఆ మాట రాసి, కొట్టేసిన.

ఇగ నా సంగతి చెప్పకుంటే తప్పయితది.
చిక్కడపల్లిల మా మేడ మీది అర్ర
ఎనిమిది రూపాయలకు అడిగేటోడు లేకుండె.
సోమయాజులు ఇరవై రెండిచ్చిండు, బేరం లేకుంట.
ఆయన భార్య మెట్ల మీద ఆవకాయ జాడీలు ఎక్కిస్తుంటే
నేనే ఒక చెయ్యేసిన.
అదే నెల
మా బామ్మర్ది ఈరేశం ఇంటి మాలకు
ఇరవై రెండు సంగతి తెలిసింది.

మూడు రాత్రులు లాంతరు పెట్టుకొని కూడినం.
నాలుగణాలు తక్కువొస్తున్నయ్.
హాలీ రూపాయిని కల్దారుల మార్చినప్పుడు
ఎక్కడ జారినయో.
"వదిలేద్దామండీ, నాలుగణాలు."
"మావి గద."
"మీవేనని ఏ పేజీలో ఉంది?"
ఏ పేజీల లేదు.
కలిసిన లెక్కల పోయినయి ఎవ్వరియి గావు.

పొద్దుగాల ప్రెస్సు నుంచి కొత్త ఫారాలొచ్చినయ్.
అడుగు గడిల మీజాన్ లేదు, వెరసి లేదు,
టోటల్ అని అచ్చయి ఉన్నది.
ఇద్దరం దిక్కు దిక్కు చూసుకున్నం.

ఐతారం నాడు ఈరేశం సామాను
ఒంటెద్దు బండి మీద మూసీ దాటింది,
మలక్‌పేట అవతల, నీళ్లు రాని గల్లికి.
మంచం కోడు పట్టుకొని ఎనుకెనుక నడిచిన.
నా జేబుల సోమయాజులు ఇచ్చిన కిరాయి.
వంతెన మీద బండి ఆపి, చెమట తుడుసుకొని అడిగిండు:
"లెక్క కుదిరిందా బావా?"

ఇంక నాలుగణాలు తక్కువున్నదన్న.