తరుగు

మా ఆయన మొగిలి దడువాయి.
ఎనుమాముల యార్డుల ఇరవై రెండేండ్ల సంది
మిర్చి బస్తా కాంటకెక్కించి
అంకె గట్టిగ చదువుడే పని.
కాంట లేకున్నా చెప్తడు, బస్తాను ఒక్కసారి కదిలిచ్చి:
ఇది నలభై రెండు, ఇది ముప్పై తొమ్మిదిన్నర.
ఇయ్యాల మాత్రం
క్యాలెండర్ల మే నెల చింపి
వెనుక దిక్కు నడుమ గీత గీసి
గంట సేపటి నుంచి కూసున్నడు.
ఈడ. ఆడ.

ఆడ అంటే మేడ్చల్.
మా అక్క మొగడు రాజలింగం బావ చెప్పిన గోదాము.
నెలకు ఇరవై ఆరు వేలు, ఒకటో తారీఖు తప్పదట.
ఈడ అయితే సీజన్ ఉన్నన్ని నెలలు పైసలు,
తర్వాత ఖాళీ షెడ్డు, పండుకున్న కుక్కలు, చేబదులు.

రాసుకుంట పోయిండు.
కిరాయి ఈడ మూడున్నర, ఆడ తొమ్మిది.
అడ్వాన్సు రెండు నెలలది.
ఈడ దినం తప్పి దినం నల్లా,
ఆడ బోరు ఎండితే ట్యాంకరు, అందరు కలిసి పంచుకునుడు.
పాలు ఈడ కొమురమ్మ పోస్తది, నెలాఖరుకు లెక్క,
ఆడ ప్యాకెట్, పైసలు ముందు.
పిల్ల ఈడ కాలేజీకి నడిచి పోతది,
ఆడ రెండు బస్సులు.

"కరెంటు మరిచినవ్" అన్న.
రాసిండు.
"నా దగ్గు రాయలే" అన్న.
పెన్ను ఆగింది.

కోల్డ్ స్టోరేజీ గోడ నీడల కూసోని
పన్నెండేండ్లు మిర్చి తొడిమలు తెంపిన చేతులివి.
అన్నం కలిపితే నాలిక కంటె ముందు వేళ్లు మండుతయ్.
పిల్ల చిన్నగున్నప్పుడు ఏడిస్తే
నన్ను కండ్లు తుడువనియ్యకపోయేది.
"చేత్తోని వద్దమ్మా, కొంగుతోని" అనేది.
ఇది ఏ గీత కింద రాయాలె?
ఎంత అని రాయాలె?

ఆ ఏడు బొందివాగు పొంగి
పొయ్యి మీది గిన్నె పొయ్యి మీదికెల్లే తేలిపోయింది.
"ఈడ" కింద రాయి, తీసివేత, అన్న.
రాసిండు.
ఆ మూడు రాత్రులు రజియా బీ మేడ మీద పండుకున్నం,
ఆమె ఇచ్చిన పచ్చ చద్దరు
ఇంకా మా సందుగలనే ఉన్నది.
"మరి ఇది?"
అదే గీత కింద, తీసివేత పక్కకే
కూడిక గుర్తు పెట్టిండు,
పెట్టి, అంకె వెయ్యక ఇడిచిపెట్టిండు.

అన్నీ పోను తేడా పదమూడు వందలు.
ఇంత రాత్రి దాకా రాసింది
పదమూడు వందల కోసమా అని నేను నవ్విన.
ఆయన నవ్వలే.
"నర్సంపేట దిక్కు రైతు ఒకాయన,
దుమ్ముకు తరుగు తీసిన నాడు అడిగిండు," అన్నడు,
"అన్నా, ఆ దుమ్ము గూడ నా చేనుదే గద,
దాని బరువు ఎవల లెక్కల పోతది అని.
నేను తర్వాతి బస్తా అంకె చదివిన."

బయట మిర్చి లారీ ఏదో ఎనుకకు మర్లుతున్న చప్పుడు.
నాకు దగ్గొచ్చింది. నీళ్లు తాగిన.
తాగి చెప్పిన:
"కాంట మీద పెట్టకుండ బరువెట్ల తెలుస్తది?
ముందు నేను పోత. పదిహేను దినాలు.
అక్కోళ్ల ఇంట్ల ఉంట, గోదాము చూస్త,
కిరాయి ఇండ్లల్ల కిటికీలు ఎటు తెరుచుకుంటయో చూస్త.
రాత్రిళ్లు దగ్గు లెక్కపెట్టి
పొద్దున నీకు ఫోన్ చేస్త. నువ్వు రాసుకో."

కాగితం నాలుగు మడతలు పెట్టి అంగి జేబుల ఏసుకున్నడు.
తెల్లారి సంచి సర్దుతుంటే
పచ్చ చద్దరు చేతికొచ్చింది.
ఉతికి ఇచ్చిపోదామనుకున్న,
గడప దాకా పోయి ఆగిన.
మళ్ల మడిచి సందుగల అడుగున పెట్టిన.
ఒక బాకీ ఈడ ఉండనీ.