రెండు చెక్కల దారి

చెరువు అనడానికి లేదు, కుంట అంతకన్నా కాదు.
మంచు ఎన్నడో కరిగిపోతూ ఇక్కడ మరిచిపోయిన
నల్లటి నీళ్ళ గిన్నె.
మా ఫిన్లండ్ అడవుల్లో దీన్ని లాంపి అంటాం.
చుట్టుకొలత రెండు కిలోమీటర్ల మూడొందల మీటర్లు.
మోకాలి ఆపరేషన్ అయినవాళ్ళు కూడా
గంటలో చుట్టి రావచ్చని
దారి మొదట్లో బోర్డు రాసి పెట్టింది నేనే.

దారి బాగుచెయ్యడం నా పని.
తూర్పు ఒడ్డున నేల ఉంది.
పైన్ వేళ్ళు, బ్లూబెర్రీ తుప్పలు,
నా నడుమెత్తు చీమల పుట్ట ఒకటి.
పడమటి ఒడ్డు నేలలాగా నటిస్తుంది.
నాచు మీద అడుగేస్తే ఊపిరి పీల్చి, మింగుతుంది.
అక్కడ నూట నలభై అడుగుల పొడవున చెక్కలు పరిచాను,
పక్కపక్కన రెండే.
మూడోదానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బుల్లేవు.

ఇద్దరు ఆడవాళ్ళు రోజూ వస్తారు,
హిల్కా, ఓర్వొక్కి.
ఒకే ఫ్లాస్కు మూతలో కాఫీ తాగినవాళ్ళు.
జులైలో మాటలు పోయాయి.
కారణం హిల్లా పండ్లు:
బురదనేలలో కాడకొక్కటి చొప్పున కాసే
నారింజరంగు పండ్లు.
అవెక్కడ కాస్తాయో ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పరు,
చావు మంచం మీదున్న మొగుడికైనా.
హిల్కా చెప్పింది. ఒక్కసారి, నమ్మి.
వారం తర్వాత వెళ్తే కాడలే ఉన్నాయి.

చట్టం చూస్తే అడవి అందరిదీ,
ఎవరు కోసుకుంటే వాళ్ళవి.
అందుకే ఆ తగువు వినే కోర్టు లేదు.

అప్పట్నుంచీ ఎడమొహం పెడమొహం.
మాటవరసకి కాదు, నిజంగానే.
బోర్డు దగ్గర హిల్కా ఎడమకి తిరిగితే
ఓర్వొక్కి కుడికి.
ఒకే వైపు ఒకరి వెనక ఒకరు నడిస్తే
ఏడాదంతా మొహాలు చూసుకోనక్కర్లేదు.
ఈ లెక్క ఇద్దరికీ తట్టలేదు.
ఓర్వొక్కి ముప్ఫయ్యేళ్ళు బడిలో లెక్కలు చెప్పింది మరి.

రోజూ సరిగ్గా చెక్కల మధ్యలో ఎదురుపడతారు.
అక్కడ ఇద్దరు పట్టరు.
ఎవరో ఒకరు నాచులోకి దిగాలి,
రెండోవాళ్ళు దాటేదాకా
చీలమండలోతు చలిలో నిలబడాలి,
నోరు మూసుకుని, నీళ్ళకేసి చూస్తూ.

చూసి చూసి నాకే విసుగొచ్చింది.
అక్టోబరులో సొంత డబ్బుతో మూడో చెక్క కొని
భుజాన మోసుకొచ్చాను,
ఇద్దరు తప్పుకునేంత వెడల్పు చేద్దామని.

మేకులు ఏరుకుంటుంటే వచ్చారు.
ఆ పొద్దున తొలిమంచు, చెక్కల మీద ఉప్పు చల్లినట్టు.
ఓర్వొక్కి దిగబోయి జారింది.
కాలు తొడదాకా పోయింది,
ఒట్టి మేజోడుతో పైకొచ్చింది.
హిల్కా చెక్కల మీద బోర్లా పడుకుంది.
చంకదాకా చెయ్యి పెట్టి
ఈనలేని ఆవు కడుపులోంచి దూడని లాగినట్టు
బూటుని లాగింది.
వంచితే నల్లనీళ్ళు, ఒక పురుగు.

మూడు నెలల తర్వాత ఏం మాట వస్తుందో అని
సుత్తి ఎత్తినవాణ్ణి ఎత్తినట్టే ఉన్నా.

"ఇవాళ దిగాల్సింది నేను,"
తిట్టినట్టే అంది హిల్కా.
"నిన్న నువ్వు దిగావు."

"మంచు పడింది," అంది ఓర్వొక్కి,
"నీ మోకాలు..."
ఇక అనలేదు.

అంటే లెక్క ఉంది.
ఒకరోజు ఒకరు, మర్నాడు ఒకరు,
మాటల్లేకుండా, రాతకోతల్లేకుండా,
తొంభై రోజులు తప్పకుండా నడిచిన లెక్క.

చెక్క తిరిగి మోసుకెళ్ళాను.
ఇప్పుడది మా ఇంటివెనక బెంచీ,
ఒక కాలు కాస్త పొట్టి.

ఇప్పటికీ ఒకరు ఎడమకి, ఒకరు కుడికి.
మధ్యలో ఎంతసేపు ఆగుతారో
నేను గడియారం చూడలేదు.

మొన్న జులైలో ఊరికే అడిగాను,
ఈ ఏడు హిల్లాలు ఎటువైపు కాశాయని.
ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తి చూపించారు,
ఒకరు తూర్పుకి,
ఒకరు పడమరకి.